కావేరి మీద నిలబడాలంటే

కెలమంగలం నుంచి దేన్కనికోట, అక్కణ్ణుంచి అంచెట్టి, నాట్రపాళ్యం మీదుగా దక్షిణానికి దిగుతూ పోతే హొగేనకల్ వస్తుంది. దేన్కనికోట దాకా రాగి చేలు, టమాటా తోటలు, గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్లు దారికి అటూ ఇటూ కనబడుతూనే ఉంటాయి. అంచెట్టి దగ్గరపడేసరికి ఊళ్లు పలచబడి అడవి చిక్కబడుతుంది. ఏనుగులు తిరిగే చోటు, బండి ఆపొద్దు అని అటవీశాఖ బోర్డులు హెచ్చరిస్తాయి. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోని ఈ అడవుల్లో 686 చదరపు కిలోమీటర్ల మేరను 2022 నవంబరులో కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవి దాటాక కనిపించే కావేరి ఈ ప్రాంతంవాళ్లకు చూడ్డానికి పోయే వింత మాత్రమే అయితే దాని గురించి ఇంత పట్టుగా రాయాల్సిన పని ఉండేది కాదు. భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పిల్లల పళ్లు గారపట్టే, పెద్దల ఎముకలు బిగుసుకుపోయే ఈ రెండు జిల్లాలకు కావేరి నీళ్లు ఇచ్చే పథకం జపాన్ ఆర్థిక సహాయంతో 2013 మేలో మొదలైంది. ఆ నీళ్లు తీసుకునేది హొగేనకల్ దగ్గరే. కొండల్లోంచి పంచపల్లి ఆనకట్ట మీదుగా వచ్చే చిన్నారు నది కూడా కావేరిలో కలిసేది అక్కడే. వారం పొడుగునా కొళాయిలో చూసే నదిని ఆదివారం పూట కళ్లారా చూడడానికి పోతున్నామన్నమాట. దాని మీద ఆడుకోవచ్చు గాని, ఎలా ఆడుకోవాలో ఆలోచించే బాధ్యత కూడా మనకుంది.

ఆడుకోవడానికి ఇప్పుడు కొత్త వస్తువొకటి వచ్చింది. పది పదకొండు అడుగుల పొడవున్న, గాలి ఊదిన పలక మీద నిటారుగా నిలబడి, మనిషి కన్నా కాస్త ఎత్తున్న తెడ్డుతో నీళ్లను వెనక్కి తోస్తూ సాగిపోయే ఆట. ప్యాడిల్‌బోర్డు అంటున్నారు. హవాయి దీవుల్లో వైకీకీ తీరాన అలల మీద ఆట నేర్పేవాళ్లు పోయిన శతాబ్దం నడిమి రోజుల్లోనే పలక మీద నిలబడి తెడ్డు వేసేవాళ్లు. 2000 తర్వాత లెయర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటి ఆటగాళ్ల వల్ల అది ప్రపంచమంతా పాకింది. గోవాలో, కేరళ బ్యాక్‌వాటర్లలో, చెన్నై పక్కన కోవళంలో, మంగళూరు దగ్గర మూల్కిలో గైడును వెంటబెట్టి తిప్పే యాత్రలున్నాయి. మూల్కి పక్కనే ఉన్న ససిహిత్లు తీరంలో 2024 మార్చిలో అంతర్జాతీయ పోటీ కూడా జరిగింది. హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్లు దీనికోసం రాత్రంతా బస్సులో కూర్చుని సముద్రం దాకా పోవాలా, మన పక్కనే కావేరి ఉంది కదా అనే ప్రశ్న రావడం సహజం. నా జవాబు: కావేరి మీద కూడా ప్యాడిల్‌బోర్డు యాత్ర రావచ్చు. అయితే దాన్ని నడిపించాల్సింది బయటి నుంచి పలకలు మోసుకొచ్చే కంపెనీ కాదు, హొగేనకల్‌లో తరతరాలుగా పరిసల్ అనే గుండ్రటి వెదురు పడవ వేస్తున్నవాళ్లు. అదీ వాళ్లు సరేనన్న చోట, సరేనన్న రోజున మాత్రమే. నీటి మీది యాత్రలో మనం డబ్బిచ్చి కొనుక్కునేది పడవను కాదు, ఆ నీళ్లు తెలిసిన మనిషి తెలివిని. ఇదొక్కటి ఒప్పుకుంటే మిగతావన్నీ దానికవే సర్దుకుంటాయి.

ఇక్కడి నది స్వభావం చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. హొగేనకల్ దగ్గర కావేరి ఒక్క పాయగా పారదు. ప్రపంచంలోనే అతి పాతవాటిలో చేరే కార్బొనటైట్ రాళ్లను కోసుకుంటూ, బండల మధ్య పాయలు పాయలుగా చీలి, దూకి, ఇరుకు లోయలో మళ్లీ ఒకటవుతుంది. కొంచెం ఎగువన బిలిగుండ్లు దగ్గర కేంద్ర జలసంఘం కొలమాన కేంద్రం ఉంది. కర్ణాటక నుంచి తమిళనాడుకు ఎంత నీరొస్తోందో లెక్కకట్టేది అక్కడే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏడాదికి 177.25 టీఎంసీలు ఇవ్వాలన్నది ఆ బిలిగుండ్లు లెక్క ప్రకారమే. పత్రికల్లో రాజకీయ వార్తగా కనిపించే బిలిగుండ్లు అంకె యాత్రికుడికి ప్రాణానికి సంబంధించిన అంకె. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో వెయ్యి క్యూసెక్కులు పారేటప్పుడు సెకనుకు 28 వేల లీటర్లు దాటిపోతాయి. కబిని, కృష్ణరాజసాగరం నిండి గేట్లెత్తిన రోజుల్లో లక్ష క్యూసెక్కులు దాటుతుంది, అంటే దానికి నూరు రెట్లు. 2018 ఆగస్టులో, 2024 జూలై చివర్లో అలాగే వచ్చింది. అప్పుడు జలపాతాలే కనబడవు, అంతా ఒకే ఎర్రటి ప్రవాహం. పైన ఎక్కడో కొడగులో కురిసిన వాన రెండు మూడు రోజులకు ఇక్కడ, నెత్తిన చుక్క నీరు పడకుండానే నదిని పొంగిస్తుంది. ఆకాశం చూసి నదిని అంచనా వేసేవాడు ఇక్కడ మోసపోతాడు. ధర్మపురి జిల్లా యంత్రాంగం నీరు పెరిగినప్పుడల్లా పరిసళ్లు ఆపించడానికి, స్నానాలు నిషేధించడానికి కారణం ఇదే.

పరిసల్ అంటే కృష్ణా తీరంలో పుట్టి అని పిలిచేదే. వెదురు బద్దలను గుండ్రంగా అల్లి, అడుగున ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూస్తారు. అడ్డంగా కొలిస్తే ఏడడుగులు. దానికి ముందూ లేదు, వెనకా లేదు, అడుగున చుక్కాని లేదు. ఒక పక్క తెడ్డు వేస్తే గిరగిరా తిరిగిపోతుంది. అందుకే నడిపేవాడు అంచున కూర్చుని, తెడ్డును ముందుకు చాచి నీటిని తనవైపు లాక్కుంటూ, మణికట్టును అటూ ఇటూ మళ్లిస్తూ పోతాడు. ఆ కాస్త మళ్లింపులోనే ఉంది విద్య అంతా. అడుగు చదునుగా ఉండడంవల్ల మనుషులు ఎక్కినా జానెడు నీళ్లు చాలు. బండల మీద రాసుకున్నా వెదురు వంగి మళ్లీ లేస్తుంది. దారిలో రాళ్లు తేలిన చోట అందరినీ దించి, పరిసల్‌ను తలకిందులుగా నెత్తిమీద పెట్టుకుని బండలెక్కి దిగి, అవతలి మడుగులో మళ్లీ నీళ్లలో వేస్తారు. లోయలోకి పోయాక రెండు పక్కలా రాతిగోడలు, వాటి నడుమ ఇంకో పరిసల్‌లో చిప్సు పొట్లాలు, కూల్‌డ్రింకు సీసాలు పేర్చుకుని అమ్మేవాళ్లు తేలుతూ ఎదురొస్తారు. 1992లో వచ్చిన రోజా సినిమా చూసినవాళ్లకు ఈ నీళ్లు, ఈ బండలు గుర్తుండే ఉంటాయి. రోజూ ఈ నీటిమీదే తిరిగేవాడు అదే చోట చూసేది వేరు. బండమీద తడి గీత నిన్నటికన్నా పైకి జరిగిందా, నురుగు ఏ వైపు కొట్టుకుపోతోంది, తేటగా ఉన్న నీరు ఎప్పుడు మట్టిరంగుకు తిరిగింది, ఇవీ వాడి కొలమానాలు. బిలిగుండ్లు అంకె సర్కారుకు ఎంతో ఈ గుర్తులు వాడికంత.

ఇక పలకను ఈ నీళ్లలో ఊహించుకోండి. పలక అడుగున వెనక వైపు జానెడు రెక్క ఉంటుంది, నేరుగా పోవడానికి. సముద్రంలో, చెరువులో అది మేలు చేస్తుంది. బండల మధ్య లోతులేని చోట అదే రాయికి తగులుకుని పలక ఉన్నట్టుండి ఆగుతుంది, పైన నిలబడ్డ మనిషి మాత్రం ఆగడు. పరిసల్‌లో కూర్చున్నవాడి బరువు నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది. పలకమీద నిలబడ్డవాడి బరువు నడుము ఎత్తున ఉంటుంది. నేర్చుకునేవాళ్లు పడతారు, పడడం ఆ ఆటలో భాగం. మెత్తటి నీళ్లలో పడితే నవ్వుకుని లేస్తారు, కార్బొనటైట్ బండమీద పడితే లేవరు. ఇంకొకటి కాలికి కట్టే తాడు. పలక జారిపోకుండా చీలమండకు కట్టుకునే ఆ తాడు అలల్లో ప్రాణం కాపాడుతుంది. పారే నదిలో కొమ్మకో రాతికో చుట్టుకుంటే అదే మనిషిని నీటి కింద పట్టి ఉంచుతుంది. అలాంటి చోట నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో విడిపోయే పట్టీ వాడాలని ఆ ఆట తెలిసినవాళ్లంతా చెబుతారు.

ఇవి ఊహించి చెప్తున్న భయాలు కావు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో హేవర్‌ఫర్డ్‌వెస్ట్ అనే చిన్న పట్టణం ఉంది. 2021 అక్టోబరు 30న, వానలకు నది పొంగి ఉన్నప్పుడు, డబ్బు తీసుకుని గైడ్లు నడిపించిన ప్యాడిల్‌బోర్డు యాత్రలో నలుగురు చనిపోయారు. ఊరి నడుమ నదికి అడ్డంగా ఉన్న కట్ట మీదుగా జారి కింద సుడిలో చిక్కుకున్నారు. చనిపోయినవాళ్లలో ఇతరులను కాపాడబోయిన రెండో గైడు ఒకరు. అక్కడ అలాంటి కట్ట ఉందని వచ్చినవాళ్లకు సరిగ్గా చెప్పలేదు, వాళ్లు కట్టుకున్న తాళ్లు ఆ నీటికి తగినవి కావు. యాత్ర నిర్వహించిన మహిళకు 2025లో పదిన్నరేళ్ల జైలుశిక్ష పడింది. పలకలున్నాయి, గైడ్లూ ఉన్నారు. ఆ రోజు ఆ నది పైకి ఎవరినీ తీసుకుపోకూడదని చెప్పి ఆపగలిగిన మనిషి ఒక్కరు లేకపోయారు. గైడెడ్ టూర్ అన్న మాట చూసి ధైర్యం తెచ్చుకునే ముందు ఆ గైడు ఏ నీళ్లకు గైడో అడగాలనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు కనబడదు.

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది. పరిసళ్లు మాత్రం మునగలేదా అంటారు. మునిగాయి. 2015లో హొగేనకల్‌లోనే పరిసల్ బోల్తాపడి చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబంలో ఆరుగురు పోయారు. ఆ తర్వాతే లైఫ్ జాకెట్ల విషయంలో పట్టుబట్టడం మొదలైంది. దీన్ని దాచి వాదించడం తప్పు. కాని ఆ చావుల నుంచి తీసుకోవాల్సిన పాఠం పరిసల్ పాతదని కాదు. ఎక్కించుకునే మనుషుల లెక్క, జాకెట్టు, నీటిమట్టం అన్న మూడింటిలో ఏది తప్పినా ఏ పడవైనా మునుగుతుంది. మన గోదావరినే చూడండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన ఇంజను పడవ కచ్చులూరు దగ్గర వరదలో మునిగింది. ఎక్కిన 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వాళ్లను ఒడ్డుకు చేర్చింది కచ్చులూరు గిరిజనులు, తమ చిన్న పడవల్లో. అడుగున చిక్కుకున్న ఆ పడవను నెల దాటాక, అక్టోబరు 22న, పైకి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఇనుప తాళ్లూ లంగర్లూ పట్టుకుని, గోదావరి అడుగున ఇసుక ఎలా పేరుకుంటుందో, సుడి ఎటు లాగుతుందో ఎరిగిన ఈతగాళ్లతో వాళ్లు ఆ పని చేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరులో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో మునిగింది అనుమతి లేని పడవ. ఈ రెండు ప్రమాదాల్లోనూ ఓడింది పెద్ద పడవ, పెద్ద ఇంజను. కచ్చులూరులో ఆదుకున్నది ఆ నీటి పక్కన బతికేవాళ్లు. వాళ్లను ప్రమాదం జరిగాక పిలవడం మన అలవాటు. యాత్ర మొదలవక ముందే పిలవండి అంటున్నాను.

ఇంకొకరు వేరేగా అడుగుతారు. అంత దూరం అడవి దాటి పోవడం దేనికి, హోసూరుకు ఆనుకుని కెలవరపల్లి ఆనకట్ట ఉంది, అక్కడ బండలూ లేవు, ప్రవాహమూ లేదు, పలకకు అంతకన్నా మంచి చోటేముంది అని. నీటి నిలకడ ఒక్కటే చూస్తే వాళ్లది న్యాయమే. కాని కెలవరపల్లిలో చేరేది నంది కొండల్లో పుట్టి బెంగళూరు పక్కగా దిగివచ్చే దక్షిణ పినాకిని. బెళ్లందూరు, వర్తూరు చెరువుల మురుగంతా దాన్లోనే కలుస్తుంది. ఆనకట్ట నుంచి నీళ్లు వదిలినప్పుడు తెల్లటి నురుగు గుట్టలు గుట్టలుగా లేచి కిందనున్న వాగును, రోడ్డునూ కప్పేసిన బొమ్మలు ఏటేటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. పలకమీద నుంచి పడేవాడి నోట్లోకి, కళ్లలోకి, మోకాటి గీరుళ్లలోకి నీళ్లు పోతాయి. అలాంటి ఆటను ఆ నీటిలో మొదలుపెట్టకూడదు. నిజానికి ఈ కొత్త ఆట మనకు చేయగల పెద్ద మేలు ఒకటుందంటే అది ఇదే: నదిని దూరం నుంచి చూసేవాణ్ణి నీటిలో ముంచి, ఈ నీళ్లు ఇలా ఎందుకున్నాయని అడిగిస్తుంది. కెలవరపల్లి నీళ్లతో పొలాలు పండించే రైతులు ఆ ప్రశ్న ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఆటగాళ్లు కూడా వాళ్ల పక్కన నిలబడితే బాగుంటుంది.

మరి కావేరి మీద ఎక్కడ? జలపాతాల దగ్గర, లోయలో వద్దే వద్దు. అది పరిసల్ చోటు, పరిసల్‌కే వదిలేయాలి. దిగువన 1934లో పూర్తయిన మేట్టూరు ఆనకట్ట 120 అడుగుల నిండు మట్టానికి దగ్గరగా ఉన్నప్పుడు దాని వెనక నీరు హొగేనకల్ వైపుకు చాలా దూరం పరుచుకుంటుంది. ఒట్టనూరు, నాగమరై లాంటి రేవుల్లో జనం సంతలకూ పనులకూ ధర్మపురి ఒడ్డు నుంచి సేలం ఒడ్డుకు పడవల మీద దాటేది ఆ నీళ్లే. మేట్టూరును జూన్ 12న సాగుకు తెరిచి జనవరి 28న మూయడం ఆనవాయితీ. కాబట్టి సంక్రాంతి వెళ్లాక, ఆనకట్టలో నీరు బాగా నిలిచిన ఏడాదుల్లో, ఆ మడుగు కదలకుండా ఉంటుంది. ఎగువ నుంచి వరద వచ్చే కాలమూ అప్పటికి అయిపోతుంది. పొద్దున్నే గాలి లేవక ముందు పలకమీద నిలబడడానికి అంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. అక్కడ కూడా అడ్డంకులున్నాయి. ఈ నదిలో మొసళ్లున్నాయి, హొగేనకల్‌లో అటవీశాఖ మొసళ్ల కేంద్రమే నడుపుతోంది. నీటికుక్కలున్నాయి. ప్రపంచంలో కావేరి నీళ్లలో తప్ప ఇంకెక్కడా లేని, అంతరించే అంచున ఉన్న మూపు మహసీర్ చేప ఉంది. ఏ ఒడ్డున మొసలి ఎండకు పడుకుంటుందో, ఏ మడుగులో చేపలు గుడ్లు పెడతాయో, ఏ సాయంత్రం ఏనుగులు నీళ్లకు దిగుతాయో ఆ చోట వలవేసే మనిషికి తెలిసినట్టు ఏ మ్యాపుకూ తెలియదు.

పరిసల్ నడిపేవాళ్ల మీద వచ్చే అసలు ఫిర్యాదు ఇంకొకటి: బేరాలాడతారు, నిర్ణయించిన రేటు మీద ఎక్కువ అడుగుతారు, కొత్త ఆట నేర్పే చదువు వాళ్లకెక్కడిది అని. మొదటిది ఉన్న సమస్యే. కాని నీరు పెరిగినప్పుడు నిషేధం, నీరు ఎండినప్పుడు గిరాకీ లేమి. ఏడాదిలో ఇన్ని రోజులు పని లేకుండా కూర్చునేవాడు దొరికిన రోజున నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే దాన్ని దురాశ అని తీసిపారేయలేను. నిషేధపు రోజులకు కూడా ఎంతో కొంత భత్యం ఉంటే, ఈ రోజు వద్దని చెప్పడానికి అతనికి నష్టం ఉండదు. వద్దు అని చెప్పగలగడమే గైడు చేసే మొదటి పని కాబట్టి ఆ మాటకు కూలీ గిట్టాలి. రెండోది, చదువు. తాడుసంచి విసిరి మనిషిని లాగడం, మునిగినవాడికి ఊపిరి అందించడం, విడిపోయే పట్టీ వాడడం, పలకమీద నుంచి పడేటప్పుడు వెల్లకిలా పరుచుకుని పడడం నేర్పించడం, ఇవి తెడ్డు పట్టడం వచ్చినవాడికి కొన్ని వారాల శిక్షణతో పట్టుబడే విద్యలు. కోవళంలో అలలాట నేర్పుతున్నవాళ్లలో చాలామంది అక్కడి జాలరి పిల్లలే. సముద్రం తెలిసినవాళ్లకు పలక ఇచ్చారు, వాళ్లు గురువులయ్యారు. తారుమారు చేసి చూడండి: పలక మీద ఆరితేరినవాడికి కావేరి నేర్పాలంటే కొన్ని వారాలు ఎక్కడ సరిపోతాయి? కనీసం ఒక వరద, ఒక ఎండాకాలం అతను ఒడ్డున గడపాలి.

కెలమంగలం, హోసూరు, బాగలూరు వైపు నుంచి బయల్దేరే చదువరులకు నా విన్నపం ఒక్కటే. అంచెట్టి దారి పట్టే ముందు బిలిగుండ్లు దగ్గర ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో పత్రికలోనో ఫోన్‌లోనో చూసుకోండి, నిషేధం ఉందేమో కనుక్కోండి. రేవులో మీకు గైడుగా వచ్చేది ఎవరు, ఈ నీటిమీద ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడగండి. జాకెట్టు పట్టీలు మీ చేత్తో మీరే బిగించుకోండి, పిల్లలవి రెండుసార్లు చూడండి. ఆయన ఇవాళ వద్దు అంటే ఎదురు చెప్పకుండా ఒడ్డున చేపల వేపుడు తిని, ఆయన కూలీ ఆయన చేతిలో పెట్టి వెనక్కి రండి.